థర్మామీటర్ చెడిపోలేదు మేడం, మన దగ్గర నీళ్లు వందకు మరగవు

మేడం, మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. పరకాల దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నారు. పదో తరగతి పిల్లల ముందు బోరు నీళ్లు బీకర్‌లో మరగబెడితే థర్మామీటర్ 98 దగ్గర ఆగింది. మంట పెంచినా కదల్లేదు. పుస్తకంలో మాత్రం 100 అని ఉంది. థర్మామీటర్ పాడైందని పిల్లలు, బోరు నీళ్ల ఉప్పుదనమని తోటి టీచర్, మే నెల ఎండల ప్రభావమని ఇంకొకరు అన్నారు. కొత్త థర్మామీటర్ కొనమని హెడ్మాస్టర్ గారి సలహా. ఆఖర్న, ఇంట్లో కందిపప్పు గంటసేపు పొయ్యి మీద ఉన్నా ఉడకకపోవడానికి కూడా ఇదే కారణమా అని అడిగారు.

నేను థర్మల్ ప్లాంటులో బాయిలర్ నీళ్ల కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాను. నీళ్లు ఎంత పీడనంలో ఎంత వేడికి మరుగుతాయన్నదే ఉద్యోగమంతా చూసిన లెక్క. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిగ్గా చదవండి. ఒక్కమాట మాత్రం ముందే చెప్పేస్తాను: థర్మామీటర్ కొనకండి. ఆ డబ్బుతో పిల్లలకు వేరే సామాను వస్తుంది.

నీళ్లు ఏ వేడి దగ్గరైనా ఆవిరవుతూనే ఉంటాయి, లేకపోతే ఆరేసిన బట్టలు ఎండవు. కానీ ఆ ఆవిరి పోయేది పైపొర నుంచి మాత్రమే. నీటి లోపల ఆవిరి బుడగ పుట్టి నిలబడాలంటే, బుడగలోని ఆవిరి తన చుట్టూ ఉన్న ఒత్తిడిని తట్టుకోవాలి. పైనుంచి గాలి ఎంత బరువుతో నొక్కుతోందో, ఆవిరి పీడనం అంతకు చేరేదాకా పుట్టిన బుడగ పుట్టినట్టే నలిగిపోతుంది. ఎసరు మరగడానికి ముందు గిన్నె 'స్‌స్‌' అని శబ్దం చేస్తుంది చూడండి, అది అలా నలిగిపోతున్న బుడగల చప్పుడే. ఇంకా ముందు గిన్నె గోడలకు అంటుకుని కనిపించే చిన్న చిన్న బుడగలు వేరు. అవి నీళ్లలో కరిగి ఉన్న గాలి బయటికి రావడం. పిల్లలు వాటిని చూసి మరుగుతోందని రాసేస్తారు, అక్కడ జాగ్రత్త.

ఆవిరి పీడనం, గాలి పీడనం సమానమైన క్షణాన బుడగలు అడుగు నుంచి పైదాకా నిలదొక్కుకుని వస్తాయి. అదే మరుగు స్థానం. అంటే మరుగు స్థానాన్ని తేల్చడంలో నీళ్ల వంతు సగం, మీద ఉన్న గాలి వంతు సగం. పుస్తకంలోని 100కు సముద్రమట్టం దగ్గరి ప్రామాణిక పీడనం, 1013 మిల్లీబార్లు, అన్న షరతు ఉంది. చాలా పుస్తకాల్లో ఆ షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది, పరీక్షలో ఎవరూ అడగరు. నిజానికి ఇప్పటి ప్రామాణిక కొలతల ప్రకారం ఆ పీడనం దగ్గర కూడా 99.97 వస్తుంది గానీ, బడి థర్మామీటర్లకు ఆ తేడా కనపడదు.

ఇప్పుడు మన ఊరి లెక్క. వరంగల్ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 260, 270 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఎత్తుల్లో 8.5 మీటర్లు పైకి పోతే దాదాపు ఒక మిల్లీబారు తగ్గుతుంది. అంటే ఎత్తు వల్లే మనకు 30 మిల్లీబార్లు తక్కువ. దానికి తోడు ఎండాకాలంలో నేల కాలి గాలి తేలికపడుతుంది, సముద్రమట్టపు లెక్కకు సర్దినా మే నెలలో పీడనం 1003 చుట్టూ తిరుగుతుంది. 30 తీసేస్తే మీ బడిలో గాలి పీడనం దాదాపు 973. వంద డిగ్రీల దాపున ప్రతి 36 మిల్లీబార్లకూ మరుగు స్థానం ఒక డిగ్రీ మారుతుంది. 1013లోంచి 973 తీస్తే 40, దాన్ని 36తో భాగిస్తే 1.1. అంటే మీ నీళ్లు మరగాల్సింది 98.9 దగ్గర. జనవరిలో గాలి బరువెక్కి సముద్రమట్టపు లెక్క 1015 దాకా పోతుంది కాబట్టి, అప్పుడు ఇదే బీకర్లో 99.2 వస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి మన మీదుగా పోయే రోజున ఇంకో రెండు మూడు దశాంశాలు దిగుతుంది. హైదరాబాద్ మనకంటే దాదాపు రెట్టింపు ఎత్తు, 540 మీటర్ల చిల్లర. అక్కడి పిల్లలకు 98 చుట్టూ వస్తుంది.

ఎండ ప్రభావమన్న మీ సహోద్యోగి మాట అలా కొంచెం నిజమే, కానీ వారు అనుకున్న దారిలో కాదు. బయట 45 డిగ్రీలున్నా 25 డిగ్రీలున్నా మరుగు స్థానం మారదు, గాలి బరువు మారితేనే మారుతుంది. ఎండాకాలం ట్యాంకు నీళ్లు ముందే కాగి ఉంటాయి కాబట్టి త్వరగా మరుగుతాయి, అంతే.

ఒక చిక్కుంది, చాలామంది ఇక్కడ పొరబడతారు. ఫోన్లో వాతావరణం యాప్ చూపించే పీడనం సముద్రమట్టానికి సర్దిన అంకె. 1004 అని ఉంటే అది మీ బడిలో ఉన్న గాలి పీడనం కాదు, అందులోంచి 30 తీసేయాలి. కొన్ని ఫోన్లలో బారోమీటర్ సెన్సర్ ఉంటుంది, అది చూపేది అసలు పీడనం, దాన్ని తీసేయకుండా నేరుగా వాడుకోవచ్చు. పిల్లల్లో ఎవరింట్లోనైనా అలాంటి ఫోన్ ఉంటే ప్రయోగం రోజున తెప్పించండి.

98.9 రావాలి, మీకు 98 వచ్చింది. మిగతా 0.9 డిగ్రీలో ఎక్కువ భాగం ఎక్కడికి పోయింది? ఇది థర్మామీటర్‌ను ముంచిన తీరులో పోయింది. ల్యాబుల్లో ఉండే మామూలు థర్మామీటర్లలో ఎక్కువ భాగం, లోపలి ద్రవం ఎంతవరకు లేచిందో అంతవరకూ కాడ మొత్తం వేడిలో మునిగి ఉంటుందన్న లెక్కతో గీతలు గీసినవి. మనం ముంచేది బల్బూ, మహా అయితే పది గీతల దాకా కాడా. పైనున్న పాదరసం బయటి గాలికి చల్లగానే ఉంటుంది, పూర్తిగా వ్యాకోచించదు, కాబట్టి తక్కువ చూపిస్తుంది. దీనికి లెక్క ఉంది: బయట ఉన్న గీతల సంఖ్యను, నీటి వేడికీ బయటి కాడ వేడికీ ఉన్న తేడాతో గుణించి, మళ్లీ 0.00016తో గుణించాలి. మీకు 88 గీతలు బయట ఉండి, పొగల వల్ల ఆ కాడ సగటున 45 డిగ్రీలుందనుకుందాం. 88 గుణించు 53 గుణించు 0.00016, దాదాపు 0.75. పోయిన 0.9లో ముప్పావు డిగ్రీ దొరికింది. ఎర్ర ద్రవం ఉన్న థర్మామీటర్ అయితే ఈ దోషం ఇంకా పెద్దది, ఎందుకంటే ఆ ద్రవాలు పాదరసం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తాయి. కాడ చుట్టూ ఒక గీత, పక్కన 76 ఎం.ఎం. అని ఉంటే మాత్రం అది ఆ గీత దాకా ముంచడానికే చేసింది, దానికి ఈ సవరణ అక్కర్లేదు.

అసలైతే థర్మామీటర్‌ను మరిగే నీళ్లలో ముంచి 100 సరిచూడటమే సరైన పద్ధతి కాదు. నీళ్ల పైన, ఆవిరిలో వేలాడదీయాలి. 1777లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ, హెన్రీ కావెండిష్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో వేసిన కమిటీ ఇదే చెప్పింది. కారణం, మరుగుతున్న నీళ్ల వేడి పాత్రను బట్టి, నీళ్లలో కరిగిన గాలిని బట్టి ఊగిసలాడుతుంది. నున్నటి గాజు పాత్రలో బుడగ పుట్టడానికి పట్టు దొరకదు, నీళ్లు ఒక డిగ్రీ అదనంగా వేడెక్కి అప్పుడు 'భళ్‌'మని ఎగురుతాయి. ఆ కమిటీలోనే ఉన్న డెలూక్ అనే ఆయన అంతకుముందు, నీళ్లలోంచి కరిగిన గాలిని పూర్తిగా తీసేయాలని సీసాను నాలుగు వారాలపాటు ఊపుతూనే ఉన్నాడట. నిద్రకూ, తప్పనిసరి పనులకూ తప్ప దాన్ని వదల్లేదట. ఆ నీళ్లు 112 డిగ్రీలు దాటితే గానీ మరగలేదు. మైక్రోవేవ్‌లో కాచిన నీళ్లలో చెంచా పెట్టగానే మీదికి చిమ్మడం కూడా ఇదే బాపతు. అందుకే బీకర్లో రెండు చిన్న పెంకు ముక్కలు వేయమంటారు, బుడగలకు పట్టు దొరుకుతుంది. నీళ్లు ఎంత అల్లరి చేసినా పైకి వచ్చే ఆవిరి మాత్రం గాలి పీడనానికి తగిన వేడి దగ్గరే ఉంటుంది.

కాబట్టి ఇలా చేయించండి. పొడుగు మెడ కుప్పెలో కొంచెం నీళ్లు పోసి, బల్బు నీటిని తాకకుండా కాడ అంతా మెడలోని ఆవిరిలో ఉండేలా బిగించండి. ఆవిరి పోవడానికి దారి తప్పనిసరిగా ఉండాలి, గట్టిగా బిరడా కొట్టొద్దు. 98.8, 98.9 చూపిస్తే మీ థర్మామీటర్ బంగారం. దిగువ సున్నా కూడా చూసుకోండి: మంచి నీళ్లతో చేసిన ఐసు దంచి, కొద్దిగా నీళ్లు పోసి, బల్బూ కాడా మునిగేలా పెడితే సున్నా రావాలి. ఈ రెండూ సరిపోతే పిల్లలకు థర్మామీటర్ మీద కంటే పుస్తకం మీద ఎక్కువ అనుమానం మొదలవుతుంది. సైన్సు క్లాసులో అది మంచిదే.

బోరు నీళ్ల సంగతి. నీళ్లలో ఏది కరిగినా మరుగు స్థానం పెరుగుతుంది, తగ్గదు. మీకు తగ్గింది కాబట్టి అక్కడే ఆ వాదన పోయింది. పెరిగేది కూడా ఎంత? లీటరు నీళ్లలో 58 గ్రాముల ఉప్పు, అంటే నోట పెట్టలేనంత ఉప్పు వేస్తే ఒక డిగ్రీ. కూరలో వేసే చెంచాడు ఉప్పుకు డిగ్రీలో పదోవంతు. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యత (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లెక్క) ఉన్న బోరు నీళ్లకైతే డిగ్రీలో నూరోవంతు, మీ థర్మామీటర్ తాత కూడా పట్టుకోలేడు. ఉప్పు వేస్తే నీళ్లు త్వరగా మరుగుతాయని మన ఇళ్లలో అనుకోవడం ఉంది. కాగుతున్న ఎసరులో ఉప్పు వేయగానే ఒక్కసారి పొంగినట్టవుతుంది, నిజమే. ఉప్పు పలుకుల అంచుల మీద బుడగలు పుడతాయి కాబట్టి ఆ పొంగు, వేడి పెరిగి కాదు.

కరిగినది నిజంగా మరుగు స్థానాన్ని ఎత్తడం చూడాలంటే సంక్రాంతికి ఎవరింట్లోనైనా అరిసెల పాకం పట్టేటప్పుడు చూడాలి. బెల్లం నీళ్లు మొదట వందకు అటూ ఇటూగా ఉడుకుతాయి. నీరు ఇగిరేకొద్దీ తీపి చిక్కబడి, మరిగే వేడి మెల్లగా పాకుతుంది. తీగ పాకం దగ్గర 106 నుంచి 110, ఉండ పాకం వచ్చేసరికి 115 దగ్గర. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూసే మన అమ్మలు కొలుస్తున్నది అక్షరాలా మరుగు స్థానాన్నే. ఎంత నీరు మిగిలిందో ఆ వేడి చెబుతుంది, థర్మామీటర్ బదులు వేళ్లు పనిచేస్తున్నాయి. మీ పిల్లలకు ప్రాజెక్టు ఇవ్వాలంటే ఇంతకంటే మంచిది దొరకదు. పెద్దవాళ్లు పక్కనుంటేనే చేయించండి, పాకం పడితే చర్మం ఊడుతుంది. మామూలు 110 డిగ్రీల థర్మామీటర్ పాకంలో పెట్టొద్దు, పగులుతుంది.

ఇక కందిపప్పు. ఇక్కడ నీళ్ల వేడిది దాదాపు ఏ పాత్రా లేదు. ఒక డిగ్రీ తక్కువ ఉన్నంత మాత్రాన పప్పు ఉడకడం ఆగదు. కేదార్‌నాథ్ దాదాపు 3,580 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్లు 88 దగ్గరే మరిగిపోతాయి కాబట్టి మూత లేని గిన్నెలో పప్పు ఎంతకీ ఉడకదు. పరకాలలో ఆ బాధ లేదు. మీ పప్పును ఆపుతున్నది బోరు నీళ్లలోని సున్నం. పప్పు బద్ద కణాల మధ్య పెక్టిన్ అనే జిగురు ఉంటుంది, అది కరిగితేనే బద్ద విచ్చుకుంటుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఆ పెక్టిన్‌ను పట్టుకుని గట్టి చేస్తాయి. మంచినీళ్లకు కాఠిన్యత లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణం. మన వైపు కొన్ని బోర్ల నీళ్లు ఆ పై హద్దుకు దగ్గరగా ఉంటాయి. మీ గీజర్ రాడ్‌కు తెల్ల పెచ్చు ఎంత త్వరగా కడుతోందో చూస్తే మీకే తెలుస్తుంది.

చేయాల్సింది సులువే. పప్పుకు మాత్రం మిషన్ భగీరథ నీళ్లు పట్టి వాడండి, అవి శుద్ధి చేసిన నది, రిజర్వాయరు నీళ్లు, బోరు కంటే మెత్తనివి. అవి రాని రోజున బోరు నీళ్లను ముందే ఒకసారి బాగా మరిగించి, చల్లారి తేరుకున్నాక పైనీళ్లు వంచుకోండి. బైకార్బొనేటు రూపంలో ఉన్న సున్నం మరిగించినప్పుడు అడుగుకు దిగుతుంది, సల్ఫేటు రూపంలో ఉన్నది దిగదు. పప్పు గంట ముందే నానబెట్టండి. చింతపండు, టమాటా పప్పు మెదిగాకే వేయండి, పులుపు కూడా ఆ జిగురును కరగనివ్వదు. చిటికెడు వంటసోడా వేస్తే పప్పు వెంటనే లొంగుతుంది గానీ బి1 విటమిన్ పోతుంది, నేనైతే రోజూ వేయమనను. పప్పు పాతబడినదైతే ఏం చేసినా మొండికేస్తుంది, ఆ తప్పు నీళ్ల మీద వేయొద్దు.

కుక్కర్ సంగతి అడగలేదు గానీ చెప్పాలి. కుక్కర్ వెయిటు బయటి గాలి మీద చదరపు సెంటీమీటరుకు ఇంకో కేజీ పీడనం నిలబెడుతుంది, లోపల నీళ్లు 120 దగ్గర మరుగుతాయి. ఇరవై డిగ్రీల తేడాకు వంట మూడో వంతు సమయంలో అయిపోతుంది. మొదటి విజిల్ వచ్చాక మంట పెద్దదిగా ఉంచితే లోపలి వేడి పెరుగుతుందని అనుకుంటారు, పెరగదు, విజిల్స్ పెరుగుతాయి. మూత లేని గిన్నెకూ ఇదే సూత్రం. ఎసరు మరిగాక మంట పెంచినా 99 దాటదు, మీరిచ్చే గ్యాసంతా నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. గ్రాము నీళ్లను 30 నుంచి మరిగే దాకా తేవడానికి 70 కెలోరీలు, ఆవిరి చేయడానికి 540. సిమ్‌లో పెట్టి మూత వేస్తే బియ్యానికి తేడా తెలియదు, సిలిండర్‌కు తెలుస్తుంది.

పిల్లలకు పీడనం బలం చూపించాలంటే మన జిల్లాల్లోనే పెద్ద ఉదాహరణలున్నాయి. రామగుండం, చెల్పూరు థర్మల్ ప్లాంట్లలో 500 మెగావాట్ల యూనిట్ల బాయిలర్ డ్రమ్ములో పీడనం వాతావరణం కంటే దాదాపు 170 రెట్లు. అక్కడ నీళ్లు 350 డిగ్రీలు వస్తే గానీ మరగవు. అదే ఆవిరి టర్బైన్ తిప్పి బయటపడేచోట కండెన్సర్లో పీడనం వాతావరణంలో పదోవంతు, అక్కడ 46 డిగ్రీల దగ్గర నీరవుతుంది. మన మే నెల ఎండకు అటూ ఇటూ. రామగుండంలో కొత్తగా వచ్చిన 800 మెగావాట్ల యూనిట్లలో పీడనం 221 బార్లు (బారు అంటే వెయ్యి మిల్లీబార్లు) దాటిస్తారు. ఆ హద్దు దాటితే మరగడం అన్నదే ఉండదు, బుడగా లేదు, నీటికీ ఆవిరికీ మధ్య గీతా లేదు. మణుగూరులో మరో రకం. అక్కడ భూమిలోంచి వేడినీళ్లు వస్తాయి, కానీ మరిగేంత వేడి కాదు. సింగరేణి అక్కడ 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టింది. ఆ వేడినీళ్లతో, నీళ్లకంటే చాలా తక్కువ వేడికే మరిగే వేరే ద్రవాన్ని మరిగించి టర్బైన్ తిప్పుతారు.

క్లాసులో చేయాలంటే సూది లేని పెద్ద సిరంజి చాలు. 70, 80 డిగ్రీల నీళ్లు నాలుగోవంతు పీల్చి, మూతిని గట్టిగా మూసి, పిస్టన్‌ను బలంగా వెనక్కి లాగితే లోపల నీళ్లు గలగలా మరుగుతాయి. వదిలేస్తే ఆగిపోతాయి. చేతికి గుడ్డ చుట్టుకుని మీరే చేసి చూపించండి.

మరిగించిన నీళ్లే పిల్లలకు తాగిస్తున్నామని, ఎంతసేపు మరిగించాలో తెలియడం లేదని కూడా రాశారు. 98.9 అయినా వంద అయినా క్రిములకు ఒకటే, బుడగలు బాగా తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు. రెండు వేల మీటర్ల ఎత్తు దాటిన కొండ ఊళ్లలోనే మూడు నిమిషాలు. పావుగంట మరిగించడం గ్యాసు దండగ, పైగా ఒక నష్టం ఉంది. ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి మరిగిస్తే పోవు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడతాయి. తాగేది బోరు నీళ్లే అయితే ఒకసారి పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందని వస్తే ఆ నీళ్లు మరిగించి కూడా పిల్లలకు పోయొద్దు, వంటకు కూడా వేరే నీళ్లు చూసుకోండి.